‘చేయాలి’ని ఇంగ్లీషులో ఎలా చెప్పాలి: మస్ట్, హావ్ టు, షుడ్, నీడ్ వాడే పద్ధతి

మస్ట్‌కూ హావ్ టుకూ తేడా ఏమిటి? షుడ్ ఎక్కడ వాడాలి? ‘డోంట్ హావ్ టు’ అంటే చేయకూడదనా, చేయనక్కర్లేదనా? ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలివి. వ్యాకరణ పుస్తకాల్లో సమాధానాలు లేక కాదు. ఆ పుస్తకాలు ఇంగ్లీషు మాట దగ్గర మొదలుపెట్టి దాని అర్థాలు చెప్పుకుంటూ పోతాయి. మీ మనసులో ముందు పుట్టేది మాత్రం ‘నేను వెళ్ళాలి’ అనే తెలుగు వాక్యం. ఆ ఒక్క ‘ఆలి’ నుంచి ఇంగ్లీషులోకి అరడజను దారులున్నాయి. అందుకే ఇక్కడ తెలుగు వైపు నుంచే బయలుదేరుదాం. ఇంగ్లీషు మాట వెతకడానికి ముందు మీ తెలుగు వాక్యాన్నే నాలుగు రకాలుగా తిప్పి చూస్తే, ఏ దారి పట్టాలో చాలాసార్లు అదే తేలిపోతుంది.

దగ్గర ఉంచుకోవలసినవి

- మీరు సొంతంగా అన్న, రాసిన పది పదిహేను తెలుగు వాక్యాలు. ప్రతిదానిలో ‘ఆలి’, ‘కూడదు’, ‘అక్కర్లేదు’, ‘ఆల్సి’ వీటిలో ఏదో ఒకటి ఉండాలి. ఫోనులోని పాత సందేశాలు తిరగేస్తే దొరుకుతాయి. పుస్తకాల్లోని వాక్యాలు వద్దు. వాటిలో ఎవరు ఎవరితో ఎందుకంటున్నారో తెలియదు, మనకు కావలసింది సరిగ్గా అదే.
- ఈ మధ్య మీరు పంపిన రెండు మూడు ఇంగ్లీషు మెయిళ్ళు.
- క్రియల మూడు రూపాల పట్టిక, అంటే ‘గో, వెంట్, గాన్’ లాంటిది.
- మాటలు రికార్డు చేసుకోవడానికి ఫోను.

1. అది నిజంగా బాధ్యత చెప్పే ‘ఆలి’యేనా?

మనం ‘ఆలి’ని కోరికకూ వాడతాం, ఊహకూ వాడతాం, దీవెనకూ వాడతాం, రావలసిన బాకీకీ వాడతాం. వీటిని ముందే ఏరి పక్కన పెట్టకపోతే తర్వాత ఎంత జాగ్రత్తపడినా వాక్యం వంకరగానే వస్తుంది.

‘నేను పైలట్ కావాలి’ అన్నది కోరిక. ‘ఐ వాంట్ టు బికమ్ ఎ పైలట్’ అంటే సరిపోతుంది. అక్కడ మస్ట్ పెడితే ఎవరో మెడ మీద కత్తి పెట్టినట్టుంటుంది. ‘నాకింకా డబ్బు రావాలి’ అన్నదాంట్లో డబ్బుకు బాధ్యతేమీ లేదు. ‘మై పేమెంట్ ఈజ్ స్టిల్ డ్యూ’ అనండి. ‘మీరు సంతోషంగా ఉండాలి’ అని దీవించబోయి ‘యు మస్ట్ బి హ్యాపీ’ అంటే, వినేవారికి అది ‘మీకు సంతోషంగా ఉండే ఉంటుంది’ అనే ఊహలా వినిపిస్తుంది. ‘ఐ హోప్ యు ఆర్ ఆల్వేస్ హ్యాపీ’ అంటే దీవెన దీవెనగా చేరుతుంది.

ఊహ విషయంలో మాత్రం రెండు భాషలూ కలిసే నడుస్తాయి. ‘లైట్లు వెలుగుతున్నాయి, వాళ్ళు ఇంట్లోనే ఉండాలి’ అన్నదానికి ‘దే మస్ట్ బి ఎట్ హోమ్’ చక్కగా సరిపోతుంది. ఒకటే జాగ్రత్త: దీనికి వ్యతిరేకంగా ‘వాళ్ళు ఇంట్లో ఉండి ఉండరు’ అనాలంటే మామూలుగా వాడేది ‘దే కాంట్ బి ఎట్ హోమ్’. మస్ట్ నాట్ అంటే ఉండకూడదనే ఆజ్ఞగా అర్థం చేసుకునే ప్రమాదం ఉంది.

ఇక ప్రశ్నలు. చదువుకున్నవాళ్ళు కూడా ఎక్కువగా తడబడే చోటు ఇది. ‘ఈ ఫైలు ఎలా తెరవాలి?’ అని అడగడానికి ‘హౌ టు ఓపెన్ దిస్ ఫైల్?’ అంటారు. అది వ్యాసానికి శీర్షిక అవుతుంది కానీ ఎదుటి మనిషిని అడిగే ప్రశ్న కాదు. ప్రశ్నకు కర్త కావాలి: ‘హౌ డు ఐ ఓపెన్ దిస్ ఫైల్?’ అలాగే ‘ఎక్కడ సంతకం పెట్టాలి?’ అంటే ‘వేర్ డు ఐ సైన్?’ లేదా ‘వేర్ షుడ్ ఐ సైన్?’ ఏం చేయాలో పాలుపోక సలహా అడిగేటప్పుడు ‘వాట్ షుడ్ ఐ డూ?’ అనాలి. వాక్యం మధ్యలో వచ్చే ‘ఎలా తెరవాలో నాకు తెలియదు’కు మాత్రం ‘ఐ డోంట్ నో హౌ టు ఓపెన్ ఇట్’ సరైనదే. అక్కడ అది ప్రశ్న కాదు కదా.

2. చేయవలసింది ఎవరు?

‘దరఖాస్తు శుక్రవారంలోగా పంపాలి.’ ఈ వాక్యంలో పంపేది ఎవరు? తెలుగులో చెప్పనక్కర్లేదు, అందరికీ తెలుసు. ఇంగ్లీషుకు అలా కుదరదు. కర్త స్థానం ఖాళీగా కనిపించేసరికి చేయి దానంతటదే దరఖాస్తును తెచ్చి అక్కడ కూర్చోబెడుతుంది: ‘ది అప్లికేషన్ మస్ట్ సబ్మిట్ బై ఫ్రైడే.’ అంటే దరఖాస్తే లేచి వెళ్ళి ఇంకేదో సమర్పించాలన్నమాట.

దీనికి రెండు మందులున్నాయి. మనిషిని పైకి తెచ్చి ‘యు మస్ట్ సబ్మిట్ ది అప్లికేషన్ బై ఫ్రైడే’ అనండి. మనిషిని చెప్పడం ఇష్టం లేకపోతే ‘బి’ చేర్చి క్రియను మూడో రూపంలో పెట్టండి: ‘ది అప్లికేషన్ మస్ట్ బి సబ్మిటెడ్ బై ఫ్రైడే.’ హావ్ టుతోనూ ఇంతే: ‘ది ఫామ్ హ్యాజ్ టు బి సైన్డ్.’ మీ వాక్యాల్లో కర్త లేనివి ఎన్ని ఉన్నాయో ఇప్పుడే గుర్తు పెట్టుకోండి. సగానికి పైగా ఉన్నా ఆశ్చర్యం లేదు.

3. తెలుగులోనే తిరగరాయండి

అసలు పని ఇక్కడుంది. ‘చేయాలి’ ఉన్న చోట కింది మాటలు ఒక్కొక్కటే పెట్టి చదవండి. మీరు చెప్పదలచుకున్నది ఏ మాటతో చెదరకుండా నిలుస్తుందో దాని ఎదురుగా ఉన్నదే మీకు కావలసిన ఇంగ్లీషు.

- ‘చేసి తీరాలి, ఇది నా మాట’ అంటే మస్ట్.
- ‘చేయక తప్పదు, పరిస్థితి అలా ఉంది’ అంటే హావ్ టు.
- ‘చేస్తే మంచిది’ అంటే షుడ్.
- ‘చేయాల్సిన అవసరం ఉంది, లేకపోతే పని జరగదు’ అంటే నీడ్ టు.
- ‘లెక్క ప్రకారం చేయాలి’ అంటే బి సపోజ్డ్ టు.
- ‘చేయి, లేకపోతే చిక్కుల్లో పడతావు’ అంటే హాడ్ బెటర్.

‘నేను రేపు ఐదింటికి లేవాలి’ అన్న వాక్యాన్నే తీసుకుందాం. ఆరున్నరకు రైలు ఉంది, ఇష్టం ఉన్నా లేకపోయినా లేవక తప్పదు: ‘ఐ హావ్ టు గెట్ అప్ ఎట్ ఫైవ్.’ రైలూ లేదు, అడిగేవాళ్ళూ లేరు, ఇకపై బద్ధకం వదిలించుకుంటానని మీకు మీరే పంతం పట్టారు: ‘ఐ మస్ట్ గెట్ అప్ ఎట్ ఫైవ్.’ లేస్తే ఆరోగ్యానికి మంచిదని తెలుసు, లేస్తారన్న నమ్మకం మీకే లేదు: ‘ఐ షుడ్ గెట్ అప్ ఎట్ ఫైవ్.’ చదవాల్సింది చాలా మిగిలిపోయింది, ఐదింటికి లేస్తే తప్ప పూర్తికాదు: ‘ఐ నీడ్ టు గెట్ అప్ ఎట్ ఫైవ్.’ హాస్టల్ నియమాల్లో అలా రాసి ఉంది, పాటించేవాళ్ళు మాత్రం తక్కువ: ‘ఐ యామ్ సపోజ్డ్ టు గెట్ అప్ ఎట్ ఫైవ్.’ తెలుగులో అక్షరం మారలేదు, ఇంగ్లీషులో ఐదు వాక్యాలయ్యాయి. వినేవారు మీ గురించి ఐదు వేర్వేరు సంగతులు ఊహించుకుంటారు.

మస్ట్, హావ్ టు రెండూ సరిపోతాయనిపించినప్పుడు, మాటల్లో అయితే హావ్ టు వైపే మొగ్గండి. మస్ట్‌లో మాట్లాడేవారి అధికారం ధ్వనిస్తుంది, హావ్ టులో నింద పరిస్థితి మీదికి పోతుంది. పైగా మస్ట్ వాడకం కాలక్రమంలో పలచబడుతోంది. 1961 నాటి ఇంగ్లీషు రాతలనూ 1991 ప్రాంతపు రాతలనూ పక్కపక్కన పెట్టి లెక్కించిన భాషాశాస్త్రవేత్త జెఫ్రీ లీచ్ దీన్ని స్పష్టంగా చూపించారు. ఇది తెలియని పాఠాలు ఇప్పటికీ మొదటి రోజునే మస్ట్ నేర్పి, హావ్ టుని ఎక్కడో చివరి పేజీల్లో పెడుతున్నాయి.

ఆట్ టు గురించి ఎక్కువ చెప్పను. అది దాదాపు షుడ్ లాంటిదే, కాస్త ధర్మం వాసన ఎక్కువ. చదివినప్పుడు అర్థమైతే చాలు, మీరు వాడకపోయినా ఏ లోటూ రాదు.

4. వాక్యం కట్టండి

మాట ఎంచుకున్నాక దాని వెనక ఏం వస్తుందో చూసుకోవాలి. మస్ట్, షుడ్ ఒక జట్టు. వీటి వెనక ‘టు’ రాదు, క్రియకు ‘ఎస్’ చేరదు, ప్రశ్నలో ‘డు’ అక్కర్లేదు. హావ్ టు, నీడ్ టు మరో జట్టు. ఇవి మామూలు క్రియల్లా నడుచుకుంటాయి: హి, షి, ఇట్‌లతో హ్యాజ్ టు, నీడ్స్ టు అవుతాయి, ప్రశ్నకూ వ్యతిరేకానికీ డు, డజ్, డిడ్ సాయం కావాలి. ఒక జట్టు నియమాన్ని రెండో జట్టుకు అంటగట్టడం వల్లే ఈ తప్పులు పుడతాయి:

- ‘షి మస్ట్ టు గో’ తప్పు. ‘షి మస్ట్ గోస్’ కూడా తప్పే. ‘షి మస్ట్ గో’ సరైనది.
- ‘షి హావ్ టు గో’ తప్పు, ‘షి హ్యాజ్ టు గోస్’ మరీ తప్పు. ‘షి హ్యాజ్ టు గో’ అనాలి. ‘ఎస్’ ఒక్కసారే చేరుతుంది, అది హావ్ తీసేసుకుంది.
- ‘డు ఐ మస్ట్ సైన్?’ తప్పు. ‘డు ఐ హావ్ టు సైన్?’ అనండి. ‘హావ్ ఐ టు సైన్?’ పాత పుస్తకాల్లో కనిపిస్తుంది, ఇప్పుడు ఎవరూ అలా అడగరు.
- ‘యు షుడ్ హావ్ టు సబ్మిట్’, ‘యు మస్ట్ హావ్ టు సబ్మిట్’: నియమాలు చెప్పేటప్పుడు ఈ జంట తరచు దొర్లుతుంది. గట్టిగా చెబుతున్నామనుకుని రెండూ పెడతారు. గట్టిదనం రాదు, గందరగోళం వస్తుంది. ఒకటి కొట్టేయండి.

నీడ్ ఒక్కటి రెండు జట్లలోనూ ఆడుతుంది. ‘షి నీడ్స్ టు కమ్’ అన్నప్పుడు అది మామూలు క్రియ. ‘షి నీడ్ నాట్ కమ్’ అన్నప్పుడు ‘ఎస్’ లేదు, ‘టు’ లేదు, మస్ట్ జట్టులో చేరిపోయింది. ‘షి నీడ్ నాట్ టు కమ్’ అని రెంటినీ కలపకండి. ఈ తికమక వద్దనుకుంటే ‘షి డజంట్ నీడ్ టు కమ్’ అనే దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

హాడ్ బెటర్‌లో హాడ్ ఉంది కదా అని అది భూతకాలం అనుకోకండి. ‘యు హాడ్ బెటర్ లీవ్ నౌ’ అంటే ఇప్పుడే బయలుదేరు, లేకపోతే ఇబ్బంది పడతావు అని. వెనక ‘టు’ రాదు. వ్యతిరేకంలో నాట్ చివర చేరుతుంది: ‘యు హాడ్ బెటర్ నాట్ వెయిట్.’

5. వ్యతిరేకం దగ్గర తెలుగునే నమ్మండి

ఇంతవరకూ తెలుగు ఒకే రూపంతో సరిపెట్టి మనల్ని ఇబ్బంది పెట్టింది. ఇక్కడ మాత్రం ఇంగ్లీషు కన్నా తెలుగే స్పష్టంగా ఉంటుంది. ‘చేయకూడదు’ వేరు, ‘చేయనక్కర్లేదు’ వేరు. చిన్న పిల్లలు కూడా ఈ రెంటినీ కలిపేసుకోరు. ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి పెద్దవాళ్ళు కలిపేస్తారు. కారణం చిన్నదే: మస్ట్, హావ్ టు రెండూ దాదాపు ఒకటే కనుక, వాటికి నాట్ చేర్చినా ఒకటే అవుతుందనుకుంటారు. అవి పూర్తిగా విడిపోతాయి.

- చేయకూడదు: ‘యు మస్ట్ నాట్’
- చేయనక్కర్లేదు: ‘యు డోంట్ హావ్ టు’, ‘యు డోంట్ నీడ్ టు’, ‘యు నీడ్ నాట్’
- చేయకపోతే మంచిది: ‘యు షుడ్ నాట్’

హెచ్చరిక: మందుల గురించీ, యంత్రాల గురించీ మాట్లాడేటప్పుడు ఇది వ్యాకరణంతో ఆగిపోయే తప్పు కాదు. ‘యు మస్ట్ నాట్ టేక్ దిస్ ట్యాబ్లెట్ విత్ మిల్క్’ అంటే పాలతో వేసుకోనే కూడదు. ‘యు డోంట్ హావ్ టు టేక్ దిస్ ట్యాబ్లెట్ విత్ మిల్క్’ అంటే పాలతోనే వేసుకోవాలని ఏమీ లేదు, నీళ్ళతోనైనా సరే. ఒకటి అనబోయి రెండోది అంటే ఏం జరుగుతుందో చెప్పనక్కర్లేదు.

జవాబిచ్చేటప్పుడు కూడా ఇదే గుంట. ఎవరైనా ‘మస్ట్ ఐ కమ్ టుమారో?’ అని అడిగారనుకోండి. రానక్కర్లేదని చెప్పడానికి ‘నో, యు డోంట్ హావ్ టు’ అనాలి. ప్రశ్నలో మస్ట్ ఉంది కదా అని ‘నో, యు మస్ట్ నాట్’ అంటే ఆయన్ని రావద్దని నిషేధించినట్టే.

పక్కమాటగా ఒకటి. ‘యు డోంట్ హావ్ టు షౌట్’ అని ఎవరైనా మీతో అంటే, అరవడం మీ ఇష్టానికి వదిలేశారని కాదు. అరవకండి అని కాస్త నాజూకుగా చెబుతున్నారు. మనం ‘అంత అరవనక్కర్లేదులెండి’ అన్నట్టే.

6. జరిగిపోయిందా, జరగబోతోందా?

మస్ట్‌కు బాధ్యత అర్థంలో భూతకాల రూపం లేదు. ఆ మాటే పాత ఇంగ్లీషులో ఒక క్రియకు భూతకాల రూపం. క్రమంగా వర్తమానంలోకి వచ్చి స్థిరపడింది. కాబట్టి ‘యెస్టర్డే ఐ మస్ట్ గో’ అని రాస్తే సరిదిద్దే దారి ఒకటే, హాడ్ టు. భవిష్యత్తుకూ అంతే: ‘విల్ మస్ట్’ అనేది లేదు, ‘చేయాల్సి ఉంటుంది’కి ‘విల్ హావ్ టు’ వాడాలి.

భూతకాలంలో అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఆ పని జరిగిందా, జరగలేదా, లేక జరిగిందని ఊహిస్తున్నామా? తెలుగు దీన్ని కూడా విడదీసే చెబుతుంది.

‘ఆమె నిన్న త్వరగా వెళ్ళాల్సి వచ్చింది’ అంటే వెళ్ళింది, ఇష్టం లేకపోయినా వెళ్ళింది. ‘షి హాడ్ టు లీవ్ ఎర్లీ.’

‘ఆమె నిన్న త్వరగా వెళ్ళాల్సింది’ అంటే వెళ్ళలేదు, వెళ్ళి ఉంటే బాగుండేది. ‘షి షుడ్ హావ్ లెఫ్ట్ ఎర్లీ.’ ముందే అనుకున్న ఏర్పాటు తప్పిందని చెప్పాలంటే ‘షి వాజ్ సపోజ్డ్ టు లీవ్ ఎర్లీ’.

‘ఆమె నిన్న త్వరగా వెళ్ళిపోయి ఉంటుంది’ అంటే మనం చూడలేదు, ఊహిస్తున్నాం. ‘షి మస్ట్ హావ్ లెఫ్ట్ ఎర్లీ.’

ఎక్కువమంది చేసే తప్పు మొదటిదానికి బదులు మూడోది వాడటం. మస్ట్‌కు భూతకాలం కావాలనిపించి ‘మస్ట్ హావ్’ తయారు చేసుకుంటారు. ఆలస్యానికి సంజాయిషీ ఇస్తూ ‘ఐ మస్ట్ హావ్ గాన్ టు ది బ్యాంక్’ అన్నారనుకోండి. ‘నేను బ్యాంకుకు వెళ్ళే ఉంటాను’ అని మీ గురించి మీరే అనుమానపడుతున్నట్టు వినిపిస్తుంది. బ్యాంకుకు వెళ్ళాల్సి వచ్చిందనడానికి ‘ఐ హాడ్ టు గో టు ది బ్యాంక్’ చాలు.

షుడ్ హావ్, మస్ట్ హావ్ వెనక క్రియ మూడో రూపమే రావాలి. ‘షుడ్ హావ్ వెంట్’ కాదు, ‘షుడ్ హావ్ గాన్’. పట్టిక దగ్గర పెట్టుకోమన్నది ఇందుకే. వేగంగా మాట్లాడేటప్పుడు ‘షుడ్ హావ్’ ‘షుడవ్’గా వినిపిస్తుంది. దాన్ని విని హావ్‌కు బదులు ‘ఆఫ్’ అని రాసేవాళ్ళు ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళలోనూ ఉన్నారు. వాళ్ళు రాశారు కదా అని అది ఒప్పు కాదు.

వ్యతిరేకంలో మరో సన్నని గీత ఉంది. ‘ఐ డిడంట్ హావ్ టు వెయిట్’ అంటే ఎదురుచూడాల్సిన అవసరం రాలేదు. సాధారణంగా ఎదురుచూడలేదనే అర్థం చేసుకుంటారు. ‘ఐ నీడ్ నాట్ హావ్ వెయిటెడ్’ అంటే అనవసరంగా ఎదురుచూశాను. రెండో రూపం కాస్త బ్రిటిష్ పద్ధతి. నోరు తిరగకపోతే ‘ఐ వెయిటెడ్ ఫర్ నథింగ్’ అన్నా పని జరుగుతుంది.

7. ఎవరితో అంటున్నారో చూసుకోండి

తెలుగులో ‘మీరు ఈ రోజే సంతకం పెట్టాలండీ’ అంటే ఆ ‘మీరు’, ఆ ‘అండీ’ కలిసి ‘ఆలి’ పదును తగ్గించేస్తాయి. ‘యు మస్ట్ సైన్ ఇట్ టుడే’లో పదును తగ్గించేది ఏమీ లేదు. అంతా యథాతథంగా వెళ్ళి అధికారి ముందు ఆజ్ఞలా కూర్చుంటుంది. మర్యాద ఉన్న మనిషే మర్యాద లేని మెయిలు పంపడం ఇలా జరుగుతుంది.

పై అధికారికీ, కొత్తవారికీ రాసేటప్పుడు ఈ మార్పులు చేయండి. ‘యు మస్ట్ అప్రూవ్ మై లీవ్’ బదులు ‘కుడ్ యు ప్లీజ్ అప్రూవ్ మై లీవ్?’ అనండి. గడువు ఉందని చెప్పాలంటే భారం మనిషి మీద కాక పని మీద పెట్టండి: ‘ది ఫామ్ నీడ్స్ టు బి సైన్డ్ టుడే.’ సలహా ఇవ్వాలంటే ‘యు షుడ్’ కన్నా ‘పర్హాప్స్ వి షుడ్’ మెత్తగా ఉంటుంది. హాడ్ బెటర్‌ను పెద్దవాళ్ళ దగ్గర అసలు తీయకండి, అందులో బెదిరింపు ఛాయ ఉంది. ‘మస్ట్ యు మేక్ దట్ నాయిస్?’ లాంటి ప్రశ్నలో విసుగు ఉంది, అది సమాచారం కోసం అడిగేది కాదు.

మినహాయింపు ఒకటుంది. ఆతిథ్యంలోనూ మెచ్చుకోలులోనూ మస్ట్ ఎంత గట్టిగా ఉంటే అంత ముద్దు. ‘యు మస్ట్ కమ్ అండ్ సీ అస్’ అంటే ఆజ్ఞ కాదు, మీరు తప్పకుండా రావాలి అని ఆప్యాయంగా పిలవడం.

8. నియమాలు రాస్తున్నా, చదువుతున్నా

మాటల్లో షుడ్ సలహా. నియమ పత్రాల్లోనూ అది సలహాయే, కానీ అక్కడ మస్ట్‌కూ షుడ్‌కూ మధ్య గోడ కట్టి ఉంటుంది. బ్రిటన్ రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్‌లో మస్ట్ అని ఉంటే దాని వెనక చట్టం ఉంది, మీరితే నేరం. షుడ్ అని ఉంటే మీరినంత మాత్రాన నేరం కాదు, కానీ ప్రమాదం జరిగి కోర్టుకు వెళితే దాన్ని మీకు వ్యతిరేకంగా చూపించవచ్చు. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్ళు 1997లో ఆర్‌ఎఫ్‌సి 2119 అనే పత్రంలో ఈ మాటలకు కట్టుదిట్టమైన అర్థాలు ఇచ్చుకున్నారు. అందులో మస్ట్, షల్ రెండూ తప్పనిసరి. షుడ్ అంటే సరైన కారణం ఉంటే పక్కన పెట్టదగిన సిఫారసు. మే అంటే ఐచ్ఛికం.

అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ పత్రాల్లో తప్పనిసరికి వాడే మాట షల్. అమెరికా ప్రభుత్వ సరళభాషా మార్గదర్శకాలు మాత్రం షల్ వద్దు, మస్ట్ వాడండి అంటాయి. కాబట్టి ఏదైనా పత్రం చదివేముందు మొదటి పేజీల్లో ఈ మాటలకు నిర్వచనం ఉందేమో చూడండి. మీరే నియమాలు రాస్తుంటే తప్పనిసరికి ఒకే మాట ఎంచుకుని చివరిదాకా దానికే కట్టుబడండి. ఒక చోట మస్ట్, మరో చోట షల్, ఇంకో చోట ‘ఆర్ టు’ అని మార్చి మార్చి రాస్తే శైలి బాగుంటుందేమో కానీ, చదివేవారు మూడూ మూడు రకాల తప్పనిసరి అనుకుంటారు.

9. పలికి చూడండి

హావ్ టు మాటల్లో ‘హ్యాఫ్ టు’ అవుతుంది, హ్యాజ్ టు ‘హ్యాస్ టు’ అవుతుంది. మస్ట్ వెనక హల్లు వస్తే చివరి ‘ట్’ చాలాసార్లు జారిపోతుంది: ‘మస్ గో’. మస్ట్, నాట్ కలిసిన పొట్టి రూపంలో మొదటి ‘ట్’ పలకదు, ‘మసంట్’ అంటారు. మీ వాక్యాలు రికార్డు చేసుకుని వినండి. ముఖ్యంగా ‘మస్ట్’, ‘మసంట్’ వేరుగా వినిపిస్తున్నాయా లేదా చూడండి. అవి కలిసిపోతే చేయాలన్నది చేయకూడదుగా మారుతుంది. అనుమానం ఉంటే పొట్టి రూపం మానేసి ‘మస్ట్ నాట్’ అని విడదీసి పలకండి.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

మీరు తయారు చేసిన ఇంగ్లీషు వాక్యాలను ఒక రోజు పక్కన పెట్టి, తెలుగు మూలం చూడకుండా తిరిగి తెలుగులోకి మార్చండి. మార్చేటప్పుడు ఊరికే ‘ఆలి’ వాడకూడదు. ‘తప్పదు’, ‘తీరాలి’, ‘మంచిది’, ‘అవసరం’ వీటిలో ఏదో ఒకటి తేల్చుకోవాలి. మొదట మీరు అనుకున్న అర్థమే తిరిగి వస్తే వాక్యం నిలిచినట్టు.

తర్వాత పాత మెయిళ్ళు తెరిచి మస్ట్, షుడ్ ఉన్న ప్రతి చోటా ఆగండి. మస్ట్ దగ్గర, ఇలా అనే అధికారం నాకుందా అని అడగండి. షుడ్ దగ్గర, ఇది సలహాయా, తప్పనిసరా అని అడగండి. తప్పనిసరి గడువును షుడ్‌తో రాసి, ఎవరూ పాటించలేదని బాధపడే మెయిళ్ళు చాలా ఉంటాయి.

ఆఖరుగా ఈ ఆరు వాక్యాలను కింద చూడకుండా ఇంగ్లీషులో రాయండి.

అ. నిన్న రెండు గంటలు నిలబడాల్సి వచ్చింది.
ఆ. నువ్వు నాకు ముందే చెప్పాల్సింది.
ఇ. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకూడదు.
ఈ. రేపు మీరు రానక్కర్లేదు.
ఉ. ఈ గది తాళం వేసి ఉంచాలి.
ఊ. ఈ యంత్రం ఎలా ఆపాలి?

జవాబులు:

అ. ‘ఐ హాడ్ టు స్టాండ్ ఫర్ టూ అవర్స్ యెస్టర్డే.’ మస్ట్ హావ్ రాసి ఉంటే 6వ అంశం మళ్ళీ చూడండి.
ఆ. ‘యు షుడ్ హావ్ టోల్డ్ మి ఎర్లియర్.’ టెల్ అని రాసి ఉంటే మూడో రూపం మరిచిపోయారు.
ఇ. ‘యు మస్ట్ నాట్ షేర్ యువర్ పాస్‌వర్డ్ విత్ ఎనీవన్.’ ‘నోవన్’ అని రాస్తే వ్యతిరేకం రెండుసార్లు వచ్చినట్టు.
ఈ. ‘యు డోంట్ హావ్ టు కమ్ టుమారో.’ నీడ్ టు అయినా సరే.
ఉ. ‘దిస్ రూమ్ మస్ట్ బి కెప్ట్ లాక్డ్.’ ‘మస్ట్ కీప్’ అని రాసి ఉంటే గదికే తాళం చేతికిచ్చారు, 2వ అంశం చూడండి.
ఊ. ‘హౌ డు ఐ స్టాప్ దిస్ మెషీన్?’